పచ్చ ఏనుగుల ఊళ్లో నాన్న

చెరకు ముక్క నోట్లో పెట్టుకుని, రెండు నమళ్లు నమిలి, పిప్పి అరచేతిలోకి తీసుకుని నాన్న అన్న మొదటి మాట: "ఇంకో పదిహేను రోజులు ఆగి కొట్టాల్సింది."

కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో, సాన్ పెద్రో దె మకొరీస్ అనే ఊళ్లో, తెతెలో వర్గాస్ బేస్‌బాల్ స్టేడియం గేటు ముందు, తోపుడు బండి పక్కన నిలబడి అన్నాడీ మాట. బండివాడికి తెలుగు రాదు, నాన్నకు స్పానిష్ రాదు. అయినా నాన్న ముఖం చూసి అతను ఏం గ్రహించాడో, అడుగున ఉన్న ఇంకో కవరు తీసి చేతిలో పెట్టాడు. నాన్న దాన్నీ కొరికి చూసి తల ఊపాడు. ఆ రెండో కవరుకు అతను డబ్బులు తీసుకోలేదు.

మా నాన్న ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫీల్డ్‌మన్‌గా పనిచేశాడు. నా చిన్నతనమంతా ఆయన చొక్కా జేబులో పెన్నుతోపాటు చిన్న రిఫ్రాక్టోమీటరు ఉండేది. తోటలోకి దిగి, గడకు గుచ్చి ఒక్క చుక్క రసం తీసి, అద్దం మీద వేసి, సూర్యుడి వైపు తిరిగి ఒక కన్ను మూసి చూసేవాడు. బ్రిక్స్, అంటే రసంలో తీపి పాలు, ఎంతుందో చెప్పి, ఏ తోటకు ముందు కటింగ్ ఆర్డరు ఇవ్వాలో పుస్తకంలో రాసుకునేవాడు. రిటైరయ్యాక ఆ పరికరం అప్పగించేశాడు గానీ నాలుక మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

2018లో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండడానికి న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చారు. అమ్మ వారం రోజుల్లో కుదురుకుంది. నాన్న కుదురుకోలేదు. నవంబరు వచ్చేసరికి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, స్వెటరు మీద శాలువా కప్పుకుని, ఆకులు రాలిన చెట్లను చూస్తూ కూర్చునేవాడు. "ఈపాటికి ఊళ్లో క్రషింగ్ మొదలై ఉంటుంది" అని ఎవరితోనూ కాకుండా అనేవాడు. సెప్టెంబరులో మా ఆయన ఎంతో ఉత్సాహంగా ఒక పెద్ద బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. నాన్న మర్యాదగా కూర్చున్నాడు. అయిదో ఇన్నింగ్స్‌లో నా చెవి దగ్గరకు వంగి, "ఇంటికి ఎప్పుడు వెళ్తాం తల్లీ?" అని అడిగాడు. క్రికెట్ ప్రాణంగా బతికిన మనిషి. బంతి నేలను తాకకుండా వచ్చే ఆటలో ఆయనకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

చలికి ఆయన పడుతున్న అవస్థ చూడలేక డిసెంబరులో వారం రోజులు డొమినికన్ రిపబ్లిక్ వెళ్దామనుకున్నాం. అమెరికా వీసా ఉంటే అక్కడికి వేరే వీసా అక్కరలేదు. పుంటా కానాలో సముద్రం ఒడ్డున బస. తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా అడిగినంత తిండి. అమ్మ చెప్పులు విప్పి నీళ్లలో నిలబడి చిన్నపిల్లలా నవ్వింది. నాన్న రెండో రోజు సాయంత్రానికే, "అంతా బాగుంది గానీ, ఈ దేశంలో ఊళ్లు ఎక్కడున్నాయి?" అన్నాడు.

విమానాశ్రయం నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన డ్రైవరు నెత్తిన ఆకుపచ్చ టోపీ ఉండింది. దాని మీద ఏనుగు బొమ్మ. ఇక్కడ ఏనుగులు ఉంటాయా అని నాన్న నా చేత అప్పుడే అడిగించాడు. ఉండవనీ, అది తమ ఊరి బేస్‌బాల్ జట్టు ఎస్ట్రేయాస్ గుర్తు అనీ ఆ పెద్దాయన ఇంగ్లీషులోనే చెప్పాడు. ఇప్పుడేమైనా మ్యాచ్‌లున్నాయా అని మా ఆయన అడిగితే వెనక్కి తిరిగి మరీ చూశాడు. "పెలోతా? డిసెంబరులో కాకపోతే ఇంకెప్పుడు?" అన్నాడు. అక్కడ బేస్‌బాల్‌ను పెలోతా అంటారు. బంతి అని అర్థం. బంతి అంటే ఆ దేశంలో ఇంకో ఆట గుర్తుకు రాదు.

ఆయనకే ఫోను చేశాం.

డొమినికన్ శీతాకాలపు లీగ్ అక్టోబరు మధ్యలో మొదలై జనవరి చివరి దాకా సాగుతుంది. ఆరు జట్లు. రాజధాని సాంతో డొమింగోలో లిసెయ్, ఎస్కోహీదో రెండూ ఒకే స్టేడియంలో ఆడతాయి. సాంతియాగోలో ఆగిలాస్, సాన్ ఫ్రాన్సిస్కో దె మకొరీస్‌లో హిగాంతెస్, లా రొమానాలో తోరోస్, సాన్ పెద్రోలో ఈ పచ్చ ఏనుగులు. మొదట్లో ఈ లీగ్ వేసవిలోనే జరిగేది. 1955 నుంచి శీతాకాలానికి మారింది. అమెరికాలో సీజను ముగిసి ఆటగాళ్లు ఇళ్లకు చేరేది అప్పుడే మరి. కోట్ల డాలర్ల జీతగాడు, వాడి పక్కన ఇంకా పేరు రాని పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అమెరికాలో అవకాశాలు అయిపోయినా ఇంకా బ్యాటు వదలని ముప్పై ఎనిమిదేళ్లవాడు, ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎదురుగా వాళ్ల అమ్మలూ మేనమామలూ బడిలో చదువు చెప్పిన పంతుళ్లూ ఉంటారు. బాగా ఆడకపోతే ఇంటికెళ్లాక మాటలు పడాల్సిందే. అమెరికా స్టేడియంలో నాకు కనిపించనిది ఇదే.

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాం. లా రొమానా దగ్గర పడుతుండగా రోడ్డుకు రెండు వైపులా చెరకు మొదలైంది. నాన్న ముందు సీట్లో ఉన్నాడు. వెనక నుంచి నాకు ఆయన ముఖం కనిపించలేదు గానీ మెడ నిటారుగా అయింది. కంటికి ఆనినంత మేర చెరకు. మధ్యలో చెరకు మోసే రైలు పట్టాలు. "ఆపమను, ఆపమను" అన్నాడు. కారు దిగి, ఆకు చేత్తో నిమిరి, కణుపుల మధ్య దూరం బొటనవేలితో కొలిచి, మట్టి కొంచెం తీసి నలిపి చూసి, వచ్చి కూర్చున్నాడు. "నీళ్లు తక్కువ. నేల మంచిదే." నాలుగు నెలల్లో ఆయన గొంతులో ఆ నిండుతనం నేను వినలేదు.

డ్రైవరు పెద్దాయన అదంతా చూస్తూనే ఉన్నాడు. నాన్న పనేమిటో చెప్పాను. అప్పుడు ఆయన తన సంగతి చెప్పాడు. ఆయన తాత ఆంటిగ్వా దీవి నుంచి చెరకు కొట్టడానికి సాన్ పెద్రో వచ్చి, ఇక తిరిగి వెళ్లలేదట. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలా సెయింట్ కిట్స్, నెవిస్, అంగ్విలా, ఆంటిగ్వా లాంటి దీవుల నుంచి వేలమంది ఈ మిల్లులకు వచ్చారు. వాళ్లను కొకొలోలు అంటారు. వాళ్లు తమతో ఇంగ్లీషు తెచ్చుకున్నారు, చర్చి తెచ్చుకున్నారు, క్రిస్మస్‌కు నెమలి ఈకల కిరీటాలూ అద్దాలు కుట్టిన బట్టలూ వేసుకుని వీధుల్లో ఆడే నాట్యం తెచ్చుకున్నారు. ఆ నాట్య సంప్రదాయాన్ని 2005లో యునెస్కో గుర్తించింది. క్రికెట్ కూడా తెచ్చుకున్నారు. ఆదివారాలు మిల్లుల పక్కన మైదానాల్లో క్రికెట్ ఆడేవాళ్లు. వాళ్ల పిల్లలూ మనవలూ అదే చేతులతో బేస్‌బాల్ పట్టుకున్నారు. సాన్ పెద్రో ఆటగాళ్లలో బెల్, కార్టీ, గ్రిఫిన్ లాంటి ఇంగ్లీషు ఇంటిపేర్లు ఎందుకున్నాయో నాకు అప్పుడు తెలిసింది. 1970లో అమెరికాలో నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటం, అంటే సీజనులో అందరికంటే ఎక్కువ సగటుకు దక్కే గౌరవం, గెలిచిన రికో కార్టీ ఆ మిల్లుల వాడల్లో పెరిగినవాడే.

ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే నాన్నకు రెండే మాటలు వినిపించాయి. ఆంటిగ్వా. క్రికెట్.

"ఆంటిగ్వా అంటే వివ్ రిచర్డ్స్ దీవి కదా!"

ఆ పేరు డ్రైవరుకు తర్జుమా అక్కరలేకుండా అర్థమైంది. స్టీరింగు మీద రెండు చేతులతో కొట్టాడు. తన బంధువులు ఆ పేరును దేవుడి పేరులా పలుకుతారట. ఇక నన్ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సాన్ పెద్రో చేరాక స్టేడియం బయట కారు నిలిపిన చోట, 1983 జూన్ 25న లార్డ్స్‌లో రిచర్డ్స్ కొట్టిన బంతి వెనక కపిల్ దేవ్ ఎలా పరుగెత్తాడో నాన్న చేసి చూపించాడు. మనవాళ్లు 183కే అవుటైనా వెస్టిండీస్‌ను 140కి పడగొట్టిన మ్యాచ్ అది. ఆ రాత్రి ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాన్సిస్టరు చుట్టూ ఎంతమంది మూగారో వేళ్లు ముడిచి చెప్పాడు. అరవై ఏడేళ్ల మనిషి, తల వెనక్కి తిప్పి, ఆకాశం వైపు చూస్తూ, పార్క్ చేసిన బళ్ల మధ్య వెనక్కి పరుగెత్తి, లేని బంతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్కన టికెట్ల వరసలో ఉన్న నలుగురు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకు కపిల్ ఎవరో తెలియదు. క్యాచ్ ఏమిటో తెలుసు.

ఆ తర్వాతే చెరకు బండి దగ్గరకు వెళ్లింది.

స్టేడియం చిన్నది, పాతది. 1959లో కట్టారు. తెతెలో వర్గాస్ ఎవరని నాన్న అడిగాడు. డ్రైవరును తన కోసం కూడా టికెట్ తీసుకోమని మేం అంటే, తీసుకుని మా పక్కనే కూర్చున్నాడు. ఆయన చెప్పిన జవాబును నాన్న ఈనాటికీ మరిచిపోలేదు. తెతెలో 1953లో ఈ దేశపు లీగ్‌లో .355 సగటుతో, అంటే వంద ప్రయత్నాలకు ముప్పై అయిదుకు పైగా హిట్లతో, బ్యాటింగ్ కిరీటం గెలిచాడు. అప్పటికి అతని వయసు నలభై ఏడు.

"నలభై ఏడా?" అన్నాడు నాన్న. నన్ను మళ్లీ అడిగి నిర్ధారించుకోమన్నాడు. నలభై ఏడే.

ఆ రాత్రి ఎదుటి జట్టు లిసెయ్, నీలం రంగు. దేశంలోకెల్లా పాత జట్టు, 1907లో పుట్టింది. రాజధాని నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు ఒక వైపంతా నీలంగా నిండిపోయారు. మా ముందు వరసలో పచ్చ చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ ఒడిలో గూయిరా పెట్టుకుని కూర్చుంది. ఒంటినిండా గరుకు చుక్కలు పొడిచిన రేకు గొట్టం అది. దాని మీద ఇనుప పుల్లలతో గీస్తే కొబ్బరి కోరుతున్న చప్పుడు వస్తుంది. ఆటలో ఏం జరుగుతోందో నాన్న మైదానంలో కాదు, ఆవిడ చేతిలో చూశాడు. పిచర్ బంతి వేసే ముందు చప్పుడు సన్నగా, దగ్గర దగ్గరగా. బ్యాటు తగిలితే ఒక్కసారి పైనుంచి కింది దాకా పొడుగ్గా. బ్యాటరు మూడో స్ట్రైక్‌కు అవుటైతే మౌనం. మూడో ఇన్నింగ్స్‌కల్లా ఆవిడ కంటే ఒక్క లిప్త ముందు నాన్న మోకాలి మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు.

సాన్ పెద్రోను షార్ట్‌స్టాప్‌ల ఊరంటారు. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడి, దొర్లుకుంటూ వచ్చే బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసరడం వాళ్ల పని. అందులో నాన్నకు తన క్రికెట్ కనిపించింది. బంతి నేలకు తగిలి ఎత్తు పల్లాల మీద ఎగురుతూ వస్తుంది. ఆటగాడు వంగి, చేతి తొడుగులోంచి బంతిని కుడి చేతిలోకి మార్చి, పక్కకు పడిపోతూనే విసురుతాడు. "కవర్స్‌లో ఏక్‌నాథ్ సోల్కర్ ఉంటే ఇలాగే ఉండేది" అన్నాడు. సోల్కర్ షార్ట్ లెగ్‌లో కదా నిలబడేది అని మా ఆయన అంటే, నాన్న వినలేదు. అప్పటి ఎస్ట్రేయాస్ శిక్షకుడు ఫెర్నాండో తతీస్. ఆయన కొడుకు, పేరు కూడా అదే, పందొమ్మిదేళ్లవాడు, ఆ సీజనులో అదే జట్టు. అమెరికా పెద్ద లీగ్‌లో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరి పిల్లాడు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లంతా వాడి గురించి సొంత ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కొడుకు గురించి మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు. మూడు నెలల తర్వాత శాన్ డియాగో జట్టులో అతని పేరు ప్రపంచమంతటికీ తెలిసింది. మా నాన్నకు ముందే తెలుసు.

అమ్మ నూనెలో వేయించిన పచ్చి అరటికాయ బిళ్లలు తింటూ, పెద్దావిడ జడ ఎలా అల్లుకుందో సైగలతో అడుగుతూ తన లోకంలో తను ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పెద్దావిడ గూయిరాను నాన్న చేతికిచ్చింది. ఆయన వాయించాడు. బాగానే వాయించాడు. సంక్రాంతికి హరిదాసు వెనక తిరిగిన మనిషికి తాళం ఎక్కడికి పోతుంది? పచ్చవాళ్లు గెలిచారు. దాదాపు నాలుగు గంటల ఆట. ఇంటికి ఎప్పుడు వెళ్తాం అని నాన్న అడగలేదు.

తిరుగు దారిలో డ్రైవరు ఒక మాట చెప్పాడు. ఎస్ట్రేయాస్ చివరిసారి లీగ్ గెలిచింది 1968లో. అప్పుడు తనకు పదేళ్లు. ఆ రోజు తండ్రి భుజాల మీద ఎక్కి ఊరంతా తిరిగాడట. అప్పటి నుంచి ఒక్కసారి కూడా లేదు. "మా నాన్న పోయాడు. నా భుజాల మీద నా కొడుకు ఎక్కే వయసు దాటిపోయాడు. ఇప్పుడు మనవడున్నాడు" అన్నాడు. నాన్న చీకట్లో ముందు సీట్లోంచి చెయ్యి చాపి ఆయన భుజం మీద వేశాడు. కొంత దూరం అలాగే ఉంచాడు.

మర్నాడు రాజధానికి వెళ్లే దారిలో ఆయన మమ్మల్ని తన వాడకు తీసుకెళ్లాడు. మిల్లు కూలీల పాత రేకుల ఇళ్లు. సందులో నలుగురు పిల్లలు వితియా ఆడుతున్నారు. పెద్ద నీళ్ల క్యాను మూతే బంతి, చీపురు కర్రే బ్యాటు. మూత తిన్నగా రాదు. గాల్లో వంగుతుంది, లేస్తుంది, చివర్లో పక్కకు కోసుకుపోతుంది. దాన్ని కొట్టగలిగినవాడికి బంతి ఒక లెక్క కాదు. నాన్న చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి కర్ర అడిగాడు. మొదటి రెండు తగలలేదు. మూడోసారి నిలబడే తీరు మార్చాడు. కర్ర భుజం మీద నుంచి దించి, నడుము దగ్గర పట్టుకున్నాడు. నాకు వెంటనే తెలిసింది. అది క్రికెట్ కాదు, బిళ్లంగోడు. గాల్లోకి లేచిన బిళ్లను కొట్టే తీరు. మూత టప్పున తగిలి ఎదురింటి రేకు మీద పడి మోగింది. పిల్లలు అరిచిన అరుపుకు ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. ఆ మూత ఇప్పుడు ఉయ్యూరులో మా ఇంటి టీవీ పక్కన ఉంది.

ఊరు దాటేటప్పుడు ఇగ్వామో నది మీద పెద్ద వంతెన వస్తుంది. దానికి మౌరీసియో బాయెజ్ పేరు పెట్టారు. 1946లో చక్కెర మిల్లుల సమ్మె నడిపించిన కార్మిక నాయకుడు. నియంత త్రుహీయో కాలంలో సమ్మె చేయడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. దేశం విడిచి క్యూబా వెళ్తే అక్కడా బతకనివ్వలేదు. చక్కెర కార్మికుడి పేరు మీద అంత పెద్ద వంతెన ఉందని విని నాన్న కారు అద్దం దించి, వంతెన అవతలి ఒడ్డుకు చేరే దాకా బయటికే చూశాడు.

ఆ రాత్రి సాంతో డొమింగోలో కిస్కేయా స్టేడియంలో లిసెయ్, ఎస్కోహీదోల మ్యాచ్ చూశాం. నీలానికీ ఎరుపుకూ మధ్య దేశంలోకెల్లా పెద్ద పోటీ అది. జనం ఇంకా ఎక్కువ, చప్పుడు ఇంకా ఎక్కువ, ఆటగాళ్లు కూర్చునే డగౌటుల పైకప్పుల మీద నాట్యాలు. చాలా బాగుంది. కానీ నాన్న మనసు సాన్ పెద్రోలోనే ఉండిపోయింది. ఈ రెండు జట్లనూ 1937లో త్రుహీయో ఒకటిగా కలిపేశాడనీ, అమెరికాలో నల్లవాళ్ల లీగ్‌ల నుంచి సాచెల్ పేజ్, జోష్ గిబ్సన్‌లను డబ్బు పోసి తెప్పించాడనీ, అంతకు ముందు ఏడాది సాన్ పెద్రో గెలవడమే అందుకు కారణమనీ విన్నాక ఆయన రెండు రంగుల్లో దేనికీ చప్పట్లు కొట్టలేదు.

జనవరి మొదటి వారంలో వాళ్లు ఊరెళ్లిపోయారు. నెలాఖరులో ఒక రాత్రి నా ఫోనుకు డ్రైవరు నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. నలభై సెకన్లు. మాటల్లేవు. కారు హారన్లు, డ్రమ్ములు, ఎవరో పసివాడి కేరింత, వీటన్నిటి కింద ఎడతెగకుండా గూయిరా. ఫైనల్లో లా రొమానా తోరోస్‌ను ఓడించి ఎస్ట్రేయాస్ గెలిచారు. యాభై ఒక్క ఏళ్లకు.

దాన్ని నాన్నకు పంపించి వెంటనే ఫోను చేశాను. ఊళ్లో అప్పుడు ఉదయం. సీజను మధ్యలో ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ కొట్లో ఉన్నాడట, చెరకు ట్రాక్టర్ల హారన్లలో మాట సరిగా వినపడలేదు. గెలిచారు నాన్నా అని రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పక్కన ఎవరికో గట్టిగా చెబుతున్నాడు: "మనవాళ్లు గెలిచారయ్యా, చక్కెరోళ్లు!"

మళ్లీ నా దగ్గరకొచ్చి అడిగాడు. "మనవణ్ణి ఎక్కించుకున్నాడా భుజాల మీద? అడిగి చెప్పు."

అడిగాను. పొద్దున్నకి ఫోటో వచ్చింది.